ఇటుక రంగు వెనకున్న మాట

అమ్మాయీ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. మీ ఊరి కూడలిలో రాబోయే పెట్రోలు బంకు చూడటానికి ఎలా ఉండాలి, దాని సైన్‌బోర్డు ఎంత ఎత్తుండాలి అని మునిసిపల్ హాల్లో ఒక సాయంత్రమంతా వాదించుకుంటే, నువ్వు వెనక వరుసలో కూర్చుని విన్నావు. అందులో కథ ఉందని నీకు తోచడం నాకు ఎంతో నచ్చింది. ఏళ్ల తరబడి అమెరికాలో ఉండి తెలుగులో రాస్తున్నా, మన ఊరి పాలన జరిగే గదిలోకి మనం తొంగిచూసింది తక్కువ. నువ్వు వెళ్లి కూర్చున్నావు.

అయితే తీర్పు మొదటి పేజీలోనే చెప్పేశావు. బంకు పెట్టదలచిన తెలుగాయన మంచివాడు, అడ్డుపడే ఊరివాళ్లు మనసు ఇరుకైనవాళ్లు. మిగతా పేజీలన్నీ దాన్ని రుజువు చేయడానికే సరిపోయాయి. హాల్లో విన్న ప్రతి మాటా శ్రద్ధగా రాసుకున్నావు గానీ, వాళ్లు ఆ మాటలే ఎందుకు మాట్లాడవలసి వచ్చిందో అడగలేదు.

ఆ సాయంత్రం హాల్లో కూర్చున్నది డిజైన్ రివ్యూ కమిటీ, అంటే కట్టడం చూడటానికి ఎలా ఉండాలో తేల్చే కమిటీ. దానికి ఉండే అధికారం చాలా చిన్నది. ఆ స్థలంలో బంకు ఉండవచ్చా లేదా అన్నది చాలా ఊళ్లలో జోనింగ్ నిబంధనలు (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పేవి) తేలుస్తాయి, లేదా ప్లానింగ్ కమిషన్ తేలుస్తుంది. ఈ కమిటీ చూసేది గోడకు ఇటుకా రేకా, పంపుల మీది కప్పు ఎంత ఎత్తు, దీపాల వెలుగు ఎటు పడుతుంది, రోడ్డు వైపు ఏ మొక్కలు నాటుతారు, సైన్‌బోర్డు ఎన్ని చదరపు అడుగులు అన్నవే. "మాకు ఇక్కడ బంకే వద్దు" అన్న మాటకు ఆ గదిలో చోటు లేదు. అది రికార్డులోకి ఎక్కినా నిర్ణయానికి పనికిరాదు. అందుకని పిల్ల ఆ మూలమీద స్కూలు బస్సు ఎక్కుతుందని బెంగపడే తల్లి లేచి, కప్పు మరీ ఎత్తుగా ఉందంటుంది. భూమిలో పెట్టే ట్యాంకు కారితే తన బావి ఏమవుతుందోనని భయపడేవాడు, కప్పు అంచున ఉండే ఎర్ర పట్టీ ఈ వీధికి నప్పదంటాడు. నువ్వు వాళ్లను రంగుల పిచ్చివాళ్లుగా చూపించావు. వాళ్లకు ఆ గదిలో దొరికిన భాష అదొక్కటే, అమ్మా.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం మా ఊళ్లో ఇలాంటి విచారణకే వెళ్లాను. ఆర్కిటెక్టు ఒక అట్ట మీద నమూనాలు అతికించి తెచ్చాడు: అరంగుళం మందం ఇటుక ముక్క, అల్యూమినియం పట్టీ, వేలెడంత పెంకు. అట్ట చేతులు మారుతూ పోయింది. ఒక సభ్యురాలు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, ట్యూబులైటు కింద రంగు తెలియదంటూ సాయంకాలపు వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. అప్పుడు ఒక పెద్దాయన లేచి, కప్పు అడుగున దీపాలు బయటికి వేలాడతాయా, లోపలికి పొదిగి ఉంటాయా అని అడిగాడు. జవాబు చెప్పారు. మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. ఇంటికొచ్చి ఆయనను మొండి ముసలివాడిగా పెట్టి కథ రాశాను, అది అచ్చయింది కూడా. తరువాత ఒకరోజు ఆయన దారిలో కలిసి చెప్పాడు: మంచం పట్టిన భార్య వీధి వైపు గదిలోనే పడుకుంటుంది, బంకు వెలుగు రాత్రంతా ఆమె ముఖం మీద పడుతుందని ఆయన భయం. "అది కమిటీకి చెప్పే విషయం కాదుగా" అన్నాడు. దీపాలను పొదిగే పెట్టాలని కమిటీ షరతు విధించింది. నా కథలో మాత్రం ఆయన ఇప్పటికీ మొండివాడే. అచ్చయిన దాన్ని దిద్దలేను. నీది ఇంకా అచ్చు కాలేదు.

బంకు యజమాని దగ్గరకూ ఇదే ప్రశ్నతో వెళ్లు. సైన్‌బోర్డు ఎత్తు ఎక్కువ కావాలని ఆయన ఎందుకు పట్టుబట్టాడు? గంటకు 45 మైళ్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 66 అడుగులు దాటుతుంది. ధర కనబడి, తిరగాలా వద్దా అని డ్రైవరు తేల్చుకునే లోపు కారు మలుపు దాటిపోతుంది. నేలకు అంటి ఉండే పొట్టి సైన్‌బోర్డు ముందు పొదలు పెరిగితే ఆ ధర కూడా కనబడదు. మరోవైపు, పేరున్న కంపెనీ పెట్రోలు అమ్మాలంటే ఆ కంపెనీ చెప్పిన రంగు పట్టీ, చెప్పిన గుర్తు పెట్టాలి. కంపెనీ ఒప్పుకున్నది ఊరు కాదంటుంది, ఊరు అడిగినదానికి కంపెనీ ఒప్పుకోదు. అప్పు తెచ్చినవాడు మధ్యలో నిలబడతాడు. ఇంతా చేసి ఆ సైన్‌బోర్డు మీద ఆయన పేరు ఉండదు. ఇది నీ కథలో ఎక్కడా లేదు, ఉండి తీరాలి.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదివే పాఠకుణ్ణి కూడా తలుచుకో. మన దగ్గర బంకుకు జిల్లా అధికారుల నిరభ్యంతర పత్రం కావాలి, పెట్రోలు నిల్వకు లైసెన్సు కావాలి. రంగులూ రూపమూ చమురు కంపెనీయే చూసుకుంటుంది. పక్కింటివాళ్లను పిలిచి "ఈ ఇటుక మీకు నచ్చిందా" అని అడగడం వాళ్లకు వింతగా ఉంటుంది. ఉపన్యాసంతో వివరించవద్దు. ఆ అట్టను వాళ్ల చేతికీ ఇవ్వు, చాలు.

ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో నీకు మాత్రం తెలిసి ఉండాలి. సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్‌లో జోసెఫ్ మానిగో ఇల్లని ఒకటుంది, 1803 నాటిది. 1920ల్లో దాని తోటను ఒక చమురు కంపెనీ కొని బంకు పెట్టింది. తోట వాకిట గుండ్రటి చిన్న మండపం ఉంటుంది. దాన్ని బంకుకు వచ్చేవాళ్ల మరుగుదొడ్డిగా వాడారు. తమ ఊరి అందం కళ్లముందే ఇలా పోతుంటే చూడలేక, 1931లో ఆ నగరం పాత పేట కట్టడాల రూపాన్ని సమీక్షించే బోర్డును చట్టం చేసి ఏర్పాటు చేసుకుంది. దేశంలో ఆ తరహా చట్టం అదే మొదటిది. మీ ఊరివాళ్లలో ఉన్న భయానికి అంత చరిత్ర ఉంది.

బంకు అందంగా ఉండలేదా అంటే, ఉండగలదు. మిన్నెసోటాలోని క్లొకే పట్టణంలో పేరుమోసిన ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన బంకు 1958లో తెరిచారు. పంపుల వైపు స్తంభం లేకుండా ముందుకు చొచ్చుకొచ్చిన రాగి కప్పు, పై అంతస్తులో అద్దాల గది; కారు బాగయ్యేదాకా జనం అందులో కూర్చుని వీధిని చూడవచ్చు. పెట్రోలు గొట్టాలు పైనుంచి దిగాలని ఆయన అనుకున్నాడు, నిబంధనలు ఒప్పుకోలేదు. పంపులు నేల మీదికే వచ్చాయి. అంతటివాడి గీత కూడా ఒక నిబంధన దగ్గర వంగింది.

ఒక పొరపాటు దిద్దుకో. నీ కథలో ఒక సభ్యుడు, సైన్‌బోర్డు మీద బీరు అన్న మాట తీసేస్తే పెద్ద సైజుకు ఒప్పుకుంటానంటాడు, అందరూ తలూపుతారు. 2015లో ఆరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, రాసిన విషయాన్ని బట్టి సైన్‌బోర్డులకు వేర్వేరు కొలతలు పెడితే కోర్టులో నిలబెట్టుకోవడం చాలా కష్టం. సైజు, ఎత్తు, వెలుగు అందరికీ ఒకేలా కట్టడి చేయవచ్చు. ఆ మాట రాగానే పట్టణ న్యాయవాది గొంతు సవరించుకోవాలి. సన్నివేశం దానివల్ల బలపడుతుంది.

ఇక మాటలు. "గ్యాస్ స్టేషన్" అని పాత్రలు అనవచ్చు, కథ చెప్పేవాళ్లు అంటే మన పాఠకుడికి వంటింటి సిలిండరు గుర్తొస్తుంది. కథనంలో "పెట్రోలు బంకు" అనే రాయి. "రూపకల్పన సమీక్షా మండలి" అని ఎవరూ అనరు, తీసెయ్యి. అలాగే "బోర్డు బోర్డును తిరస్కరించింది" అని ఒక వాక్యం రాశావు. రెండు బోర్డులూ వేరని తెలియడానికి నాకే క్షణం పట్టింది. మనుషులను కమిటీ అను, రేకును సైన్‌బోర్డు అను.

తిరగరాసే ముందు రెండు పనులు చెయ్యి. కప్పు ఎత్తు గురించి మాట్లాడిన ఆ తల్లిని అడిగి, పొద్దున్నే బస్సు వచ్చే వేళకు ఆ మూలమీద ఆమెతో పాటు నిలబడు. ఆ రాత్రే మన తెలుగాయన ఇప్పుడు పనిచేస్తున్న దుకాణానికి వెళ్లి, మూసేదాకా ఉండు. సైన్‌బోర్డు దీపం ఆర్పేటప్పుడు ఆయన పక్కనే ఉండు. ఆ రెండు చోట్లా చూసింది నాకు రాసి పంపు, కథ తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ