రెండు క్లాపర్ కేసులు, రెండు రకాల తీర్పులు ఎందుకు?

అమెరికా ప్రభుత్వ నిఘాను సవాలు చేసిన రెండు కేసుల్లో ఒకటి ఓడి, ఇంకోటి ఎందుకు నెగ్గిందని అడిగారు. మీరు చిక్కుకున్నది నాలుగో సవరణ (అకారణ సోదాలను నిషేధించే అమెరికా రాజ్యాంగ నిబంధన) దగ్గర కాదు, స్టాండింగ్ (కేసు వేసే అర్హత) దగ్గర. 2013లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఓడిపోయి, 2015లో పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ నెగ్గడానికి అసలు తేడా అదే. రెండింట్లోనూ ప్రతివాది అప్పటి అమెరికా జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ క్లాపరే కావడంతో కలగాపులగం అవుతున్నాయి.

మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు) నోట్సు ఈ వరుసలో రాసుకోండి:

1. ఆమ్నెస్టీ కేసు ఫైసా చట్టం (విదేశీ నిఘా చట్టం) 702 సెక్షన్ మీద. విదేశాల్లోని విదేశీయులపై నిఘాకు వీలిచ్చేది అదే. సుప్రీంకోర్టులో 5-4తో పోయింది.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. "నా మీద నిఘా ఉండొచ్చు" అంటే చాలదు, హాని తప్పక జరగబోతోందని చూపాలి. ఫోన్‌లో మాట్లాడటానికి భయపడి విదేశాలకు వెళ్లి మనుషుల్ని నేరుగా కలవాల్సి వస్తోంది, ఆ ఖర్చే మా నష్టం అని వాదించారు ఆమ్నెస్టీ పక్షంవారు. ఊహించుకున్న భయానికి సొంత డబ్బు ఖర్చు పెట్టుకుంటే స్టాండింగ్ రాదంది కోర్టు. రహస్య నిఘాకి రుజువు తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తారు? మెజారిటీ మాత్రం ఒప్పుకోలేదు.

3. ఆ తీర్పు ఫిబ్రవరిలో. జూన్‌లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏకి కాంట్రాక్టర్‌గా పనిచేసిన స్నోడెన్ ఇచ్చిన రహస్య పత్రాలు బయటికొచ్చాయి. కాల్ రికార్డులు రోజూ ఇవ్వాలని ఫోన్ కంపెనీ వెరైజన్‌కి ఇచ్చిన రహస్య ఉత్తర్వు వాటిలో ఉంది. ఏసీఎల్‌యూ వెరైజన్ కస్టమరే. స్టాండింగ్ దొరికింది.

4. 2015లో రెండో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు "పేట్రియట్ చట్టం 215 సెక్షన్ కాల్ రికార్డులు ఇలా మూకుమ్మడిగా సేకరించే అధికారం ఇవ్వలేదు" అన్నంతవరకే చెప్పింది. నాలుగో సవరణ సంగతి తేల్చలేదు. దీన్ని రాజ్యాంగ తీర్పుగా వాదిస్తే జడ్జి వెంటనే పట్టేస్తారు.