పగలు 31 డిగ్రీలుంటే చలి ముదురుతుందంటారేంటి? వాతావరణ సూచనలో ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: నవంబరు వచ్చినా మధ్యాహ్నం ఫ్యాను ఆపలేకపోతున్నాం, యాప్‌లో 31 డిగ్రీలు చూపిస్తోంది, వార్తల్లో మాత్రం వారంలో చలి పెరుగుతుందంటున్నారు, ఏది నమ్మాలి?

రెండూ నమ్మొచ్చు. మీరు చూస్తున్నది గరిష్ఠ ఉష్ణోగ్రత, వాళ్లు చెబుతున్నది కనిష్ఠం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చలికాలమంటే ముందు చల్లబడేది రాత్రులే. డిసెంబరులో కూడా హైదరాబాద్‌లో మధ్యాహ్నం 28 దాకా వెళ్తుంది. అందుకని ఈ రెండు నెలలూ గరిష్ఠాన్ని పక్కనపెట్టి కనిష్ఠం, మబ్బు, గాలి దిశ, డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి మంచుబిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) చూడండి. చలి కబురు వాటిలోనే ఉంటుంది.

నైరుతి రుతుపవనాలు అక్టోబరులో వెనుదిరిగాక గాలి మళ్లుతుంది. తూర్పు నుంచి వీస్తే అది బంగాళాఖాతం మీదుగా తేమ మోసుకొస్తుంది, రాత్రి ఉక్కగానే ఉంటుంది. ఉత్తరం నుంచి నేల మీదుగా వస్తే పొడిగా ఉంటుంది. గాలి పొడిగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి వేగం కూడా పడిపోయిందా, పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి రాత్రే పైకి పోతుంది. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా చలి అంతగా పడదు.

వీటిలో ఎక్కువమంది పట్టించుకోనిది డ్యూ పాయింట్. సాయంత్రం ఏడింటికి అది ఎంతుందో చూడండి. 20 ఉంటే ఆ రాత్రి కనిష్ఠం అంతకంటే పెద్దగా దిగదు. ఆవిరి మంచుబిందువుగా మారేటప్పుడు వేడి విడుదల చేస్తుంది, అదే పతనానికి అడ్డుపడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి డ్యూ పాయింట్ 10, 11కి వచ్చిందంటే మాత్రం దుప్పట్లు తీయాల్సిందే. వరసగా రెండు మూడు రోజులు అది తగ్గుతూ వస్తుంటే, పగలు ఎంత ఎండ కాస్తున్నా వార్తల్లో చెప్పిన చలి నిజమే అనుకోండి.

ఇక అల్పపీడనం. బంగాళాఖాతంలో అల్పపీడనం తీరానికి దగ్గరగా ఉన్నన్నాళ్లూ మబ్బు కమ్ముకుని కనిష్ఠం పెరుగుతుంది, గరిష్ఠం తగ్గుతుంది. పగలు ముసురులో వణికిస్తుంది కాబట్టి చలికాలం వచ్చేసిందనుకుంటారు, కానీ థర్మామీటరు చూస్తే తెల్లవారుజామున అంతకుముందు వారం కంటే వెచ్చగా ఉంటుంది. అసలు చలి తర్వాత వస్తుంది. అల్పపీడనం బలహీనపడో, ఈశాన్యంగా కదిలిపోయో మబ్బు విడిపోయి ఉత్తరపు గాలి మొదలైతే, రెండు మూడు రాత్రుల్లో కనిష్ఠం గబగబా దిగుతుంది. బులెటిన్‌లో ‘వాయుగుండం’ అంటే గాలి గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లు, ‘తీవ్ర వాయుగుండం’ 51 నుంచి 62, ఆ పైన తుపాను. చలి మొదలైంది కదా, ఇక తుపాన్లు రావనుకోకండి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

యాప్‌లతో ఒక తికమక ఉంది. కొన్ని యాప్‌లు మంగళవారం గడిలో మంగళవారం మధ్యాహ్నపు గరిష్ఠాన్నీ, బుధవారం తెల్లవారుజామున వచ్చే కనిష్ఠాన్నీ కలిపి చూపిస్తాయి. భారత వాతావరణ శాఖ లెక్కలో మంగళవారం కనిష్ఠం అంటే మంగళవారం ఉదయం 8.30 పరిశీలనలో నమోదైనది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక రోజు తేడా వస్తుంది, సూచన తప్పిందనిపిస్తుంది. గంటల వారీ సూచన తెరిచి ఉదయం 5 నుంచి 7 మధ్య అంకె చూసుకుంటే ఈ గొడవ ఉండదు. సాధారణంగా కనిష్ఠం పడేది సూర్యోదయం అటూ ఇటూగానే.

ఒకే ఊరికి పేపర్లో 9, వాతావరణ శాఖ పట్టికలో 13 కనిపించడానికి కారణం వేరు. పేపర్లు తరచూ మండలాల్లోని ఆటోమేటిక్ కేంద్రాల్లో అన్నిటికంటే తక్కువ అంకెను తీసుకుంటాయి. అలాంటి కేంద్రం ఊరి బయట పల్లపు పొలాల మధ్య ఉందనుకోండి, చల్లని గాలి బరువుకి అక్కడే పేరుకుంటుంది. కాంక్రీటు మధ్య ఉన్న కేంద్రానికి ఆ చలి తగలదు. హైదరాబాద్ నడిబొడ్డుకీ, శివార్లలో చెట్లూ ఖాళీ స్థలాలూ ఉన్న చోటుకీ ఒకే తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీల తేడా రావడం మామూలే.

‘శీతల గాలులు’ అన్నమాటను వార్తలు ధారాళంగా వాడేస్తాయి గానీ దానికో కొలత ఉంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, పైగా ఆ రోజుకు ఉండాల్సిన సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. 6.4కు మించి తగ్గితే తీవ్ర శీతల గాలులు. సాధారణం 13 ఉన్న చోట 9 నమోదైతే వణుకు పుట్టొచ్చు, కానీ తేడా 4 డిగ్రీలే కాబట్టి లెక్కలోకి రాదు. 8.4 అయితే వస్తుంది. సాధారణంతో సంబంధం లేకుండా 4 డిగ్రీలకు దిగినా శీతల గాలులే. తీరప్రాంతానికి హద్దు 10 కాదు, 15.

లంబసింగిలో సున్నా డిగ్రీలన్న వీడియోల సంగతి కూడా చెప్పాలి. గడ్డి మీదో కారు పైనో తెల్లగా మంచు పేరుకోవడం నిజమే కావచ్చు, దాన్నిబట్టి గాలి ఉష్ణోగ్రత సున్నా అనలేం. ఉష్ణోగ్రత కొలిచేది నేలకు మీటరుంపావు నుంచి రెండు మీటర్ల ఎత్తులో, నీడనిచ్చే చెక్కపెట్టెలో. నిర్మలమైన రాత్రి గడ్డి, కారు రేకు ఆ గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. పెట్టెలో 3 ఉన్నా బయట గడ్డి గడ్డకట్టొచ్చు.

తెల్లవారుజామున బండి మీద వెళ్లేవాళ్లు వాన ఆగి ఆకాశం తేటపడిన మొదటి రాత్రిని గుర్తుపెట్టుకోండి. నేల తడిగా ఉంటుంది, గాలి ఉండదు, ఉష్ణోగ్రత డ్యూ పాయింట్‌ను తాకుతుంది. దట్టమైన పొగమంచుకు అంతకంటే అనువైన రాత్రి ఉండదు. దృశ్యత కిలోమీటరు కంటే తగ్గితేనే దాన్ని పొగమంచు అంటారు. చెరువు పక్క రోడ్ల మీద 50 మీటర్లకు కూడా పడిపోతుంది. ఎండ పడి నేల వేడెక్కేదాకా ప్రయాణం ఆపుకోవడం ఒక్కటే మార్గం, హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది.

వ్యవసాయం ఉన్నవాళ్లకు సూచన చదవడంలో ఇంకో పని ఉంది. కల్లంలో వడ్లు ఆరబోసినవాళ్లు కనిష్ఠం కంటే డ్యూ పాయింట్‌నే చూడాలి. అది కనిష్ఠానికి దగ్గరగా ఉన్న రాత్రి పట్టా కప్పకపోతే పగలంతా ఆరింది మళ్లీ తేమ పీల్చుకుంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తిప్పిపంపుతారు కదా. యాసంగి వరి నారుమడికి అయితే కనిష్ఠమే ముఖ్యం. వరసగా కొన్ని రాత్రులు 12, 13కు దిగుతుందని ఉంటే నారు పసుపెక్కి ఎదుగుదల ఆగిపోతుంది. రాత్రంతా చల్లబడిన నీటిని ఉదయం తీసేసి కొత్త నీరు పెట్టాలి. సాయంత్రం కర్రలు పాతి, నారుకు తగలకుండా పైన పాలిథిన్ షీటో, కుట్టిన యూరియా బస్తాలో కప్పి, ఎండ రాగానే తీసేయాలి. తీయడం ఆలస్యమైతే లోపల ఆవిరి పట్టి నారు మెత్తబడుతుంది. కొత్త ఆకులు పాలిపోయి అడుగు ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే అది జింకు లోపం, చలిలో అది ఎక్కువ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయండి.