స్టాటిస్ హైదరాబాద్‌లో పూస్తుంది, విత్తనం దసరాకి పడితే

మీ ప్రశ్న చదవగానే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. మార్చిలో స్టాటిస్ విత్తనాలు వేశారు, మొలిచాయి, ఆకులు గుబురుగా వచ్చాయి, మే నెల వచ్చినా పూల కాడ మాత్రం లేవలేదు అన్నారు. కాంపౌండ్ గోడ వెంట బార్డర్‌కీ, ఎండబెట్టి బొకేలు కట్టుకోవడానికీ ఈ మొక్క హైదరాబాద్‌లో పనికొస్తుందా అని అడిగారు. బాగా పనికొస్తుంది. సైనిక్‌పురిలో మా ఇంట్లో ఏటా పూస్తోంది. మొలిచాయంటే మీ విత్తనాలు మంచివే. తేడా వచ్చింది నెల దగ్గర.

స్టాటిస్ పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. అక్కడ వానలు పడేది చలికాలంలో. ఎండలు తగ్గాక విత్తనం మొలిచి, చలి అంతా అయ్యేదాకా ముల్లంగి మొక్కలా ఆకులు నేలకి పరుచుకుని ఉంటుంది. ఆ దశలో కొన్ని వారాలు చలి తగిలితేనే నడిమధ్య నుంచి కాడ లేస్తుంది. 10 నుంచి 15 డిగ్రీల రాత్రులైతే చాలు. మనకు అలాంటి రాత్రులు దొరికేది డిసెంబరు, జనవరిలోనే. అప్పటికి మొక్క ఎనిమిది, పది ఆకులతో సిద్ధంగా ఉండాలి. మార్చిలో మొలిచిన మొక్కకి ఆ చలి ఎక్కడిది? నేను మొదటిసారి ఫిబ్రవరిలో వేశాను. ఎండాకాలమంతా రెండు పూటలా చూసుకుని బతికించాను. జూన్‌లో తొలి వానలకి మొదళ్ళు కుళ్ళి వారంలో అన్నీ పోయాయి, ఒక్క కాడ కూడా చూడకుండానే.

రెండో ఏడు తొందరపడి వినాయక చవితి నాటికే నారు పోశాను. వానలు ఆగలేదు. నారుకుళ్ళు పట్టి సగం ట్రే పడిపోయింది. మూడో ఏడు దసరా వెళ్ళిన మర్నాడు పోశాను, అదే కుదిరింది. అక్టోబరు మొదటి రెండు వారాలు సరైన సమయం. వానలు ఇంకా పడుతుంటే నాలుగు రోజులు ఆగండి.

ప్యాకెట్ మీద స్టాటిస్ అని ఉన్నా, లిమోనియం సైనువాటం అని ఉన్నా ఒకటే. బొకే షాపుల్లో పొగమంచులా సన్నగా కనిపించే ఊదా పూలు వేరే, అవి కొన్నేళ్ళు బతికే హైబ్రిడ్ లిమోనియంలు. వాటి కోసం విత్తనం వెతక్కండి. మనకు కావలసిన రకం విత్తనం రెండు విధాలుగా వస్తుంది. ఒకటి పొట్టు తీసి శుభ్రం చేసింది. రెండోది ఎండిన పూల పొట్టుతో కలిసి, చేతిలో పోసుకుంటే నలిపిన కాగితం ముక్కల్లా ఉంటుంది. నాకు మొదట వచ్చింది ఆ రెండోదే, పాడైపోయిన సరుకేమో అనుకున్నాను. అరచేతుల మధ్య మెల్లగా నులిమితే పొట్టు విడిపోయి సన్నటి గోధుమరంగు గింజలు దొరుకుతాయి. పొట్టుతో వేసినా మొలుస్తాయి కానీ ఆలస్యం, పైగా ఒకే చోట రెండు మూడు మొలకలు వస్తాయి.

ప్రో ట్రేలో (నారు పెంచే గుంటల ట్రే) కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమంగా కలిపి, గుంటకు ఒక గింజ పెట్టి, పైన పలచగా కప్పండి. నీడలో ఉంచితే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలక కనిపించిన రోజే వెలుతురులోకి మార్చాలి, లేకపోతే సాగిపోతాయి. నాలుగైదు ఆకులు రాగానే నాటేయండి. దీనికి తల్లివేరు నిటారుగా దిగుతుంది. ట్రేలో ఎక్కువ రోజులుంటే వేరు మెలిపడి మొక్క గిడసబారుతుంది. నేను నవంబరు రెండో వారం దాటనివ్వను.

ఎండ రోజంతా తగలాలి, నీరు నిలవకూడదు. ఈ రెండూ ఉంటే మన ఎర్రమట్టి చాలు. బంకగా ఉంటే ఇసుక కలిపి మడిని ఒక జానెడు ఎత్తు లేపండి. ఎరువు ఎక్కువైతే ఆకులు బలిసి కాడలు వంగిపోతాయి, అందుకే నాటేటప్పుడు వేసిన కంపోస్ట్ తప్ప నేనేమీ వెయ్యను. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా భయం లేదు, సముద్రపు ఒడ్డు మొక్క కదా. ఒకసారి ఆకుల మీద తెల్లటి పొడి కనిపించి బూడిద తెగులని టెన్షన్ పడ్డాను. నీళ్ళతో తుడిస్తే పోయింది. వేర్లతో తాగిన ఉప్పుని ఈ మొక్క ఆకుల మీదికి బయటికి పంపేస్తుందని తర్వాత తెలిసింది. నీళ్ళు మాత్రం మొక్క మొదలు దగ్గర పొయ్యండి, సాయంత్రం పూట ఆకులు తడపకండి.

బార్డర్ విషయంలో ఒక మాట. ఆకులు నేలకి అంటుకుని ఉంటాయి, కాడలు రెండడుగుల దాకా లేస్తాయి. ఒకే వరుసగా నాటితే ఈనెలు గుచ్చినట్టు వెలితిగా ఉంటుంది. గోడకి అడుగు దూరంలో, అడుగుకొకటి చొప్పున, ఒకే రంగువి ఆరేడు గుంపుగా పెట్టండి. ముందు పొట్టిగా పెరిగే తెల్ల అలిస్సం వేస్తే మొదళ్ళు కప్పుకుపోతాయి.

మాకు సంక్రాంతి తర్వాత కాడలు కనిపిస్తాయి, ఫిబ్రవరిలో రంగు వస్తుంది. కాడని వేళ్ళతో తడిమి చూడండి, రెండు పక్కలా రెక్కల్లాంటి అంచులు తగులుతాయి. ఊదా, పసుపు, గులాబి రంగుల్లో మనకు కనిపించేది అసలు పువ్వు కాదు, పువ్వు కింది గిన్నె. అసలు పువ్వు దానిలోంచి తెల్లగా, చిన్నగా తొంగిచూసి రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. గిన్నె మాత్రం కాగితంలా అలాగే నిలిచిపోతుంది. ఎండబెట్టినా రంగు పోనిది అదే.

కోత కూడా అందుకే తెలుసుకుని చెయ్యాలి. గుత్తిలో మొగ్గలు దాదాపు అన్నీ విచ్చుకున్నాకే కొయ్యాలి. ఇది కోశాక విచ్చుకునే రకం కాదు. సగం విచ్చినప్పుడే కోస్తే కొనలు వాలిపోయి అలాగే ఎండుతాయి, నా మొదటి కోత అంతా అలాగే పోయింది. మరీ ఆలస్యమైతే ఎండకి రంగు వెలుస్తుంది. పొద్దున మంచు ఆరాక కోసి, పది కాడలకొక కట్ట కట్టండి. దారం వద్దు, రబ్బరు బ్యాండు వాడండి. కాడలు ఎండి సన్నబడ్డప్పుడు దారం వదులై కట్ట జారిపోతుంది, రబ్బరు పట్టుకునే ఉంటుంది. గాలాడే చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయాలి. మా స్టోర్ రూమ్‌లో పది రోజులకి ఎండుతాయి. రెక్కల అంచుల్లో తేమ ఆలస్యంగా పోతుంది, కాబట్టి కాడ పుటుక్కున విరిగేదాకా దింపకండి. డాబా మీద ఎండలో పెడితే ఊదా రంగు పాలిపోతుంది.

వానాకాలంలో బయట ఉంచితే బూజు పట్టొచ్చు. అందుకే జూన్ రాగానే కొన్ని కట్టల్ని న్యూస్‌పేపర్లో చుట్టి, సిలికా జెల్ సంచులు వేసి అట్టపెట్టెలో పెట్టేస్తాను. పోయిన ఏడు బతుకమ్మ పేర్చేటప్పుడు మా అమ్మ ఆ పెట్టె తెరిపించింది. ఫిబ్రవరిలో కోసిన ఊదా స్టాటిస్‌ని తంగేడుకీ గునుగుకీ మధ్య ఒక వరుస పేర్చింది. రంగుల్లో ముంచిన గునుగు పక్కన కూడా అది వెలవెలబోలేదు. చూసిన వాళ్ళంతా ఈ పూలు ఏ మార్కెట్లోవని అడిగారు.

ఇప్పుడున్న మొక్కల మీద ఆశ పెట్టుకోకండి, ఆ చోటు వానాకాలానికి బొగడబంతికి ఇవ్వండి, అది కూడా ఎండబెట్టుకోవచ్చు. మిగిలిన విత్తనాలుంటే గాలి చొరని డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి, మూత మీద అక్టోబరు అని రాసుకోండి. నారు పోసిన రోజు ఇక్కడ చెప్పండి, నేనూ ఆ వారమే పోస్తాను.