ఈఎంఐకి ఆఫ్ సీజన్ లేదు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్గొండ. వయసు 30. ఫుట్‌బాల్ ఆడత, ఫార్వర్డ్‌ను. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల మొదలుపెట్టిన. హైదరాబాద్ లీగ్, బెంగళూరు, గోవా, మళ్ల హైదరాబాద్... పదకొండేండ్లల్ల తొమ్మిది జట్లు మారిన. ఒక సీజన్‌ల 11 గోల్స్ కొట్టిన గని పై డివిజన్ల నుంచి పిలుపు రాలే. జీతం చేతికి నెలకు 45 వేలు. సీజన్ అయిపోంగనె కేరళ పోయి సెవెన్స్ (జట్టుకు ఏడుగురాడె ఫుట్‌బాల్) ఆడత, అక్కడ మ్యాచ్‌కు 3 వేలు ఇస్తరు. ఇంట్ల అమ్మ, నా భార్య, మూడేండ్ల పాప. బ్యాంకుల 40 వేలున్నయి. బైక్ ఈఎంఐ 4,200, చిట్టీ నెలకు 9 వేలు, ఇంకా తొమ్మిది నెలలున్నది. ఇద్దరు దోస్తులతోని కలిసి కిరాయికిచ్చె టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) గ్రౌండ్ పెడ్దామనుకుంటున్న. నా వంతు 12 లక్షలు. భార్య బంగారం కుదువ పెడితె 6 లక్షలొస్తయి. మిగిలిన 6 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల మిత్తికి ఇస్తనంటున్నడు. అమ్మ పేరు మీదున్న రెండెకరాల బత్తాయి తోట ఆయన పేరున రిజిస్ట్రేషన్ చేసియ్యాలట. పైసలు కట్టినంక మళ్ల రాసిస్తడట. ఆరు నెలల స్టేట్‌మెంట్ పంపుతున్న. చెయ్యమంటరా?

జవాబు: వద్దు. ఆ తోట రిజిస్ట్రేషన్ అసలే వద్దు. మిగతాది చదవకపోయినా ఈ ఒక్కమాట మీ అమ్మగారికి ఇవాళే చెప్పండి.

అప్పిచ్చేవాడికి కాగితం తాకట్టు పెడితే అది అప్పు. సేల్ డీడ్ రాసిచ్చేస్తే అది అమ్మకం. 'మళ్ల రాసిస్త' అన్న మాట ఏ సబ్ రిజిస్ట్రార్ దగ్గరా నమోదు కాదు. భూ భారతిలో (ప్రభుత్వ భూముల రికార్డులో) పేరు మారిపోయాక ఆయన మనసు మారినా, ఆయన పోయాక కొడుకుల మనసు మారినా మీరు కోర్టు మెట్లెక్కాల్సిందే. రెండెకరాల బత్తాయి తోటను 6 లక్షలకు చేతిలో పెట్టమని అడుగుతున్నాయన మీకు సాయం చేయడానికి వచ్చాడని మీరెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. తెలిసినాయనే కావచ్చు. ఇలాంటి కేసుల్లో నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ తెలిసినాయన దగ్గరే పోగొట్టుకున్నారు.

అయినా నేను ఈ ఉత్తరం ఎంచుకున్నది టర్ఫ్ గురించి కాదు. 'జీతం నెలకు 45 వేలు' అన్న ముక్క గురించి. పాలమూరులో గెస్ట్ లెక్చరర్‌గా చేసేవాళ్లూ ఇలాగే రాస్తారు, మిర్యాలగూడ వైపు వరికోత మిషన్ నడిపేవాళ్లూ ఇలాగే రాస్తారు. సీజన్‌లో వచ్చే డబ్బును నెల జీతం అనుకుని, ఆ లెక్క మీద పన్నెండు నెలల అప్పు ఎత్తుకుంటారు.

మీ లెక్క చూద్దాం. కాంట్రాక్టు సెప్టెంబర్ నుంచి మార్చి దాకా, ఏడు నెలలు. అంటే 3,15,000. ఏప్రిల్, మే సెవెన్స్‌లో ముప్పై మ్యాచ్‌లు అనుకుంటే 90 వేలు. జూన్, జూలై, ఆగస్టు సున్నా. మొత్తం 4,05,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 33,750. ఇది అంతా సవ్యంగా జరిగిన ఏడాది మాట. పోయిన సీజన్ అలా జరగలేదు. ఫిబ్రవరి, మార్చి జీతాలు మీ ఖాతాలో ఎక్కడా కనిపించలేదు. ఆ రెండు జీతాల 90 వేలు తీసేస్తే నెలకు 26,250. ఇంటి ఖర్చు, మీ స్టేట్‌మెంట్ ప్రకారం, 24 వేలు. బైకు, చిట్టీ కలిపితే నెలకు పోయేది 37,200. టర్ఫ్ మాట అలా ఉంచండి, ఇప్పటికే నెలకు 11 వేల లోటులో ఉన్నారు.

ఆ లోటు ఎలా పూడుస్తున్నారో కూడా స్టేట్‌మెంట్‌లోనే ఉంది. జూన్‌లో మూడు జమలు, మూడూ లోన్ యాప్‌ల నుంచి. ఉత్తరంలో మీరు వీటి ఊసే ఎత్తలేదు. ఒకటి చూడండి: 15 వేల అప్పు అన్నాడు, ఫీజుల పేరుతో కోసుకుని మీ ఖాతాలో వేసింది 12,900. నెల తిరిగేసరికి మీరు కట్టింది 15,600. 12,900 మీద నెలకు 2,700 అంటే నూటికి దాదాపు 21 రూపాయల మిత్తి! ఊళ్లో ఐదు రూపాయల మిత్తి తీసుకునేవాణ్ణి జలగ అంటాం. వీడిని ఫోన్లో పెట్టుకుని తిరుగుతున్నాం. ఆ యాప్‌లకు ఇంకా కట్టాల్సింది 22 వేలు ఉన్నట్టు కనిపిస్తోంది. బ్యాంకులో ఉన్న 40 వేల నుంచి రేపే కట్టేసి, వాటిని ఫోన్లోంచి తీసేయండి.

ఇదంతా ఎక్కడ మొదలైందో మీరు ఫోన్లో చెప్పారు. రెండేళ్ల కింద సెవెన్స్ మ్యాచ్‌లో మోకాలు తిరిగింది, లోపలి మెత్తటి దిండులాంటి మెనిస్కస్ చిరిగింది. ఆపరేషన్‌కు 1.6 లక్షలు. క్లబ్‌ను అడిగితే మా మ్యాచ్‌లో తగల్లేదు కదా అన్నారు. బామ్మర్ది సర్దాడు. ఆయనకు తీర్చడానికి 2 లక్షల చిట్టీని ఐదో నెలలోనే 1.6 లక్షలకు పాడారు. చిట్టీ కిస్తీ మోయలేక యాప్. ఇప్పుడు వీటన్నిటి నుంచి బయటపడే దారిగా టర్ఫ్, దానికోసం తోట. ఒక్క మోకాలు బామ్మర్ది నుంచి బత్తాయి తోట దాకా వచ్చింది. ఆ రోజు ఖాతాలో రెండు లక్షలు పక్కన ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు.

అందుకే నా పాత పాటే మళ్లీ: అత్యవసర నిధి. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది. ఎందుకు తొమ్మిదో మీ ఆటే చెబుతుంది. మోకాల్లోని ఏసీఎల్ లిగమెంట్ తెగి ఆపరేషన్ అయితే మళ్లీ మ్యాచ్ ఆడటానికి తొమ్మిది నెలలు పట్టడం మామూలే. అన్ని నెలలు గ్రౌండ్ బయట ఉండే ఫార్వర్డ్‌కు, అదీ ముప్పై దాటినవాడికి, కొత్త కాంట్రాక్టు ఎవరిస్తారు? 24 వేల చొప్పున తొమ్మిది నెలలకు 2,16,000. ఈ డబ్బు పోగయ్యేదాకా మీకు వేరే పెట్టుబడి లేదు. సిప్ లేదు, ప్లాటు లేదు, టర్ఫ్ లేదు.

ఎక్కడినుంచి తెస్తారంటే, మొదట మీ డబ్బే మీరు వసూలు చేసుకోండి. రెండు నెలల జీతం ఎగ్గొట్టిన క్లబ్‌ను వాట్సాప్‌లో బతిమాలుతున్నారట. కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ వాట్సాప్ మెసేజీలు జతచేసి ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. కదలకపోతే ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ప్లేయర్ స్టేటస్ కమిటీకి ఫిర్యాదు పెట్టండి. కొత్త క్లబ్‌తో సంతకం చేసేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి: ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఆగిపోతే, 15 రోజుల గడువిచ్చి నోటీసు పంపి, అప్పటికీ రాకపోతే ఆటగాడు తప్పు లేకుండా కాంట్రాక్టు తెంచుకోవచ్చు. మూడో నెల దాకా మొహమాటంతో ఆడటం ఎందుకు?

రెండోది టీడీఎస్, అంటే చేతికిచ్చే ముందే కోసే పన్ను. మీ జీతం 50 వేలు, అందులో 10 శాతం కోసి 45 ఇస్తున్నారు. అందిన ఐదు నెలలకు కోసింది 25 వేలు. మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు, ఆ మొత్తం వెనక్కి వస్తుంది. రిటర్న్ వేయలేదట! గడువు దాటినా డిసెంబర్ 31 లోపు ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు. ముందు మీ పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో ఆ కోత కనిపిస్తోందో లేదో చూడండి. కోసుకుని ప్రభుత్వానికి కట్టని వాళ్లను కూడా చూశాను.

ఇప్పుడు సెప్టెంబర్ నుంచి లెక్క వేద్దాం. ఏడు నెలలు 45 వేలలో 37,200 పోగా నెలకు 7,800 చొప్పున 54,600. సెవెన్స్ రెండు నెలల్లో ఖర్చులు పోగా 15,600. యాప్‌లు తీర్చాక మిగిలిన 18 వేలు. పాత జీతం 90 వేలు, టీడీఎస్ 25 వేలు. మొత్తం 2,03,200. ఇందులోంచి జూన్, జూలై, ఆగస్టు మూడు నెలల ఇంటి ఖర్చు, బైకు కలిపి 84,600 పోతుంది. అప్పటికి చిట్టీ అయిపోతుంది. మిగిలేది 1,18,600. ఆరోగ్య బీమా ప్రీమియం తీసేసి లక్ష అనుకుందాం. పాత జీతం రాకపోతే పది వేలు మిగలడం కూడా కష్టం, అది కూడా చెప్పేస్తున్నా. వచ్చే ఆగస్టులో ఒక్క రూపాయి అప్పు లేకుండా ఇల్లు గడిస్తే, మీ పదకొండేళ్ల కెరీర్‌లో అదే మొదటిసారి అవుతుందని నా అనుమానం. చిట్టీ తీరాక నెలకు మిగిలేది 16,800 అవుతుంది. ఆ తర్వాతి ఏడాది నిధి వేగంగా పెరుగుతుంది.

ఈ డబ్బు రోజువారీ ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో, యూపీఐ లేని ఖాతాలో. జీతం పడ్డ రోజే 7,800 అటు పోవాలి.

ఒక పాత సంగతి చెప్పాలనిపిస్తోంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఎస్.ఎ. రహీమ్ గారి శిక్షణ గురించి మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ నా కంటికి కనిపించేది ఇంకోటి: అది డిపార్ట్‌మెంట్ జట్టు. కాలు బెణికినా నౌకరీ బెణకదు. మీ తరానికి క్లబ్ కాంట్రాక్టు తప్ప ఆ గోడ లేదు. రైల్వే స్పోర్ట్స్ కోటా వయసు కూడా మీకు దాటిపోయింది. 'ఇంకో రెండు సీజన్లు మంచిగ ఆడితె పైకి పోత' అన్నారు ఫోన్లో. పోవాలనే నా కోరిక. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఆఖరి నిమిషాల్లో రోబి హంస్దా కొట్టిన గోల్‌తో బెంగాల్ గెలిచింది, ఆ జట్టు కుర్రాళ్లకు వాళ్ల ప్రభుత్వం ఉద్యోగాలు ప్రకటించింది. అలాంటి గోల్ మీ కాలి నుంచీ రావచ్చు. కానీ వస్తుందన్న లెక్కతో కిస్తీ ఒప్పుకోకూడదు. పైకి పోయినా అంతే: 2025 జూలైలో దేశంలోని పై లీగ్ ఐఎస్ఎల్ కొత్త సీజన్నే ఆపి పెట్టారు.

బీమా గురించి. 'క్లబ్ చూసుకుంటది' అనే మాట మార్చి 31తో అయిపోతుంది. ఏప్రిల్, మే కేరళలో మీ మోకాలికి మీరే యజమాని. కుటుంబం మొత్తానికి కలిపి 10 లక్షల ఫ్లోటర్ ఆరోగ్య పాలసీ మీ పేరున తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఫారంలో వృత్తి దగ్గర 'ప్రైవేటు ఉద్యోగం' అని రాయించే ఏజెంట్లుంటారు. ఒప్పుకోకండి, 'ఫుట్‌బాల్ ఆటగాడు' అని రాయించండి. పాత ఆపరేషన్ దాచకండి. దాస్తే క్లెయిమ్ రోజు అదే వాళ్లకు సాకు. లిగమెంట్ మరమ్మతుకు చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ (ఆలోపు క్లెయిమ్ కుదరదు) ఉంటుంది, ప్రమాదంలో తగిలితే మినహాయింపు ఇచ్చేవీ ఉన్నాయి. మ్యాచ్‌లో తగిలిన దెబ్బను ప్రమాదంగా తీసుకుంటారా అని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమాలో వృత్తి ఆటగాళ్లను మినహాయించే షరతు తరచూ ఉంటుంది, అదీ అడగండి. మీకు ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, కానీ అది ఉందని సొంత పాలసీ మానేయకండి. టర్మ్ (ప్రాణ బీమా) పాలసీ కూడా ఈ ఏడాదే.

టర్ఫ్ మీద నాకు పగ లేదు. మీ 12 లక్షల మీద మిత్తే చూడండి: తోట మీద నెలకు 12 వేలు, బంగారం మీద నూటికి రూపాయి అనుకున్నా 6 వేలు. అసలు తీరకుండానే నెలకు 18 వేలు. వానాకాలంలో గ్రౌండ్ ఖాళీగా ఉండే నెలలూ, మీకు జీతం లేని నెలలూ ఒకటే, గమనించారా? దోస్తులు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. మీరు డబ్బు బదులు పొద్దున్నే పిల్లలకు కోచింగ్ ఇచ్చి ఫీజులో వాటా తీసుకోండి. ఫుట్‌బాల్ కోచ్‌ల డి లైసెన్స్ కోర్సుకు వచ్చే జూన్‌లో పేరు ఇవ్వండి, ఆ మూడు సున్నా నెలలకు అదొక దారి.

బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. పాసుపుస్తకం ఆయన 'చూడటానికి' ఇప్పటికే తీసుకెళ్లాడన్నారు. ఈ ఆదివారం అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చుకోండి.