అడవి పోయిన చోట మొక్కల లెక్క

ప్రశ్న: గనికో, రహదారికో అటవీ భూమిని ఇచ్చినప్పుడు సంస్థలు కట్టే సొమ్ము ఎక్కడికి వెళుతుంది? మొక్కలు నాటారో లేదో ఎవరు చూస్తారు?

జవాబు: 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి పొందే సంస్థ, బదులుగా వనాలు పెంచే ఖర్చుతోపాటు, పోయే అడవి వల్ల కలిగే ప్రయోజనాలకు లెక్కగట్టిన విలువను కూడా చెల్లించాలి. 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్ర నిధికి, 10 శాతం జాతీయ నిధికి చేరుతుంది. రాష్ట్రం పంపే వార్షిక ప్రణాళికను జాతీయ నిధిని నిర్వహించే సంస్థ ఆమోదించాలి. లెక్కల తనిఖీ ప్రభుత్వ ఖాతాలను పరిశీలించే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్)ది.

అయితే డబ్బు కన్నా భూమి దగ్గరే చిక్కు ఎక్కువ. 2006-12 కాలానికి సంబంధించి కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటడానికి రావలసిన అటవీయేతర భూమి 1.03 లక్షల హెక్టార్లు కాగా, అందింది దాదాపు 28 వేల హెక్టార్లే. నాటడానికి నేలే లేనప్పుడు నిధి బ్యాంకులో పెరుగుతుంది తప్ప మొక్క పెరగదు కదా!

మీ ప్రాంతం సంగతి తెలుసుకోవాలంటే, అక్కడ ఇలా నాటిన తోటకు అటవీ శాఖ రాసే రిజిస్టరు నకలును సమాచార హక్కు కింద అడగండి. గుంతలు ఎప్పుడు తవ్వారో, ఏ జాతి మొక్కలు ఎన్ని నాటారో, ఎండిపోయిన వాటి స్థానంలో ఎన్ని మళ్ళీ నాటారో అందులో ఉండాలి. నాటిన సంఖ్యను ఎవరైనా గొప్పగా చెబుతారు. మూడో ఏట బతికి ఉన్నవెన్నో అడగండి.