సోలార్ పెట్టించే ముందు ఏడాది బిల్లులు ముందేస్కుని కూర్చో

అమ్మడూ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, సోలార్‌కి పెట్టిన డబ్బులు తిరిగొస్తాయా రావా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలేదైతే అప్పుడే చెప్పేసేదాన్ని, తేలదు కాబట్టే కూర్చుని రాస్తున్నా. మా ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెల్స్ పెట్టి పదకొండేళ్లయింది, మొదటి నెల నుంచీ ఒకటో తారీఖున మీటర్ రీడింగ్ పుస్తకంలో రాసి పెట్టుకుంటూనే ఉన్నా, కాబట్టి ఇందులో సగం ఆ పుస్తకం చెప్పిందే అనుకో.

ముందు ప్యానెల్స్ గురించి మర్చిపో. పోయిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి, డబ్బులు కాదు, యూనిట్లు చూడు. ఏ నెల ఎన్ని కాల్చావు, ఏడాదికి మొత్తం ఎంత, అన్నీ ఒక కాగితం మీద రాయి. కొన్ని చోట్ల వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబులుంటాయి కదా, మీకూ అలాగే ఉంటే సోలార్ ముందుగా తగ్గించేది ఆ పైన ఉన్న ఖరీదైన యూనిట్లనే, అందుకే ఎక్కువ బిల్లు వచ్చే ఇంటికి తొందరగా గిట్టుబాటవుతుంది, తక్కువ బిల్లు వచ్చే ఇంటికి చాలా ఏళ్లు పట్టొచ్చు. ఇంకోటి, బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీలని ఉంటాయి చూడు, అవి ఎన్ని ప్యానెల్స్ పెట్టినా పోవు. బిల్లు జీరో అయిపోతుందని ఎవరన్నా చెప్తే ఆ లైను దగ్గర వేలు పెట్టి అడుగు.

ఇంట్లో పాత ఫ్రిజ్, పాత బల్బులు, పాత ఫ్యాన్లు ఉంటే వాటి సంగతి ముందు చూడు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. కాల్చకుండా మిగిల్చిన యూనిట్ చాలాసార్లు ప్యానెల్ పెట్టి పుట్టించిన యూనిట్ కంటే చవకే, అది తగ్గించాక లెక్కేస్తే అసలు నీకు చిన్న సిస్టమే సరిపోవచ్చు.

ఇప్పుడు ప్యానెల్ ఎంత ఇస్తుందో చూద్దాం. దాని మీద రాసే వాట్లు ల్యాబులో కొలిచినవి, చదరపు మీటరుకి 1,000 వాట్ల వెలుతురు, ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సెల్ వేడి 25 డిగ్రీలు, అలా పెట్టి కొలుస్తారు. మండుటెండలో మేడ మీద సెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది, 25 పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం కరెంటు తగ్గుతుంది, అంటే మంచి ఎండ రోజే పదిశాతానికి పైగా అలా వేడికి పోతుంది. చాలామందికి ఇది తెలీదు, ఎంత వేడి ఉంటే అంత కరెంటు అనుకుంటారు, ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురే తప్ప వేడి కాదు తల్లీ. ఎండ బాగా ఉండే చోట ఏడాది మొత్తం సగటు తీస్తే కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్ల చుట్టుపక్కల వేస్కో, మబ్బులెక్కువుండే చోట 3 కూడా రాకపోవచ్చు. మీ చోట ఎంతొస్తుందో లెక్కగట్టి చూపించే ఉచిత సైట్లున్నాయి, అమ్మేవాడి కాగితం కంటే ముందు అక్కడ చూడు. జాగా అయితే ఇప్పటి ప్యానెల్స్‌కి కిలోవాట్‌కి 5 చదరపు మీటర్లు, మధ్యలో తిరగడానికి దారి వదిలితే ఇంకాస్త ఎక్కువ.

నీడ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే మేం దెబ్బతిన్నది అక్కడే. బిగించేవాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నది ఎండాకాలం మధ్యాహ్నం, సూర్యుడు నెత్తి మీదున్నాడు, మెట్ల గది నీడ గోడ పక్కనే ఆగిపోయింది, బాగుందనుకుని బిగించేశారు, మేమూ సరే అన్నాం. చలికాలం వచ్చేసరికి సూర్యుడు కిందకి దిగాడు, అదే మెట్ల గది నీడ సాగి సాగి మధ్యాహ్నం రెండు దాటగానే చివరి రెండు ప్యానెల్స్ మీద పడింది. రెండే కదా అనుకోకు, ఇన్వర్టర్ అంటే ప్యానెల్ కరెంటుని ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె, మామూలు ఇన్వర్టర్‌కి ప్యానెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలుపుతారు, అన్నిట్లోనూ పారేది ఒకే కరెంటు, ఒకటి బలహీనపడితే దాని దెబ్బ మిగతావాటి మీద కూడా పడుతుంది. లోపల డయోడ్లు ఉంటాయి, నీడ పడ్డ భాగాన్ని పక్కకి తప్పించి కరెంటు పంపిస్తాయి, కానీ పోయేది పోతూనే ఉంటుంది. రోజుకి 10 రావాల్సింది 7 యూనిట్లొచ్చేవి, పుస్తకంలో రాయకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు, మబ్బు వల్లే అనుకునేవాళ్లం. మీ పెదనాన్న ఆ రెండిటినీ ఊడదీయించి ఇవతలకి మార్పించాకగానీ సర్దుకోలేదు, ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం. అందుకని నువ్వు చలికాలంలో ఒకరోజు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీత గీసి పెట్టు. పక్కింటి చెట్టు ఇంకా పెరుగుతుంది, పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ రెండంతస్తులు లేవొచ్చు, అవి కూడా ఆలోచించు. నీడ తప్పనే తప్పదంటే ప్యానెల్‌కొకటి పెట్టే మైక్రో ఇన్వర్టర్లో ఆప్టిమైజర్లో అడుగు, ఖర్చెక్కువ, కానీ ఒకదాని నీడ ఇంకోదాన్ని లాగదు.

దిక్కు సంగతి, భూమధ్యరేఖకి పైన ఉన్నవాళ్లకి దక్షిణం, కింద ఉన్నవాళ్లకి ఉత్తరం. తూర్పు పడమర అయినా పర్లేదు, కొంత తగ్గుతుంది అంతే, పైగా పొద్దున సాయంత్రం వాడకం ఉన్న ఇంటికి ఒక్కోసారి అదే నయం.

గిట్టుబాటు మొత్తం తేలేది ఇక్కడ, జాగ్రత్తగా చదువు. నువ్వు పుట్టించే కరెంటులో పగలు నువ్వే వాడుకున్న యూనిట్‌కి పూర్తి రేటు మిగులుతుంది. వాడక బయటికి, అంటే కరెంటు కంపెనీ లైనులోకి పంపిన యూనిట్‌కి ఎంత ఇస్తారన్నది మీ దగ్గర రూల్‌ని బట్టి ఉంటుంది. నెట్ మీటరింగ్ అయితే పంపిన యూనిట్ తీసుకున్న యూనిట్‌లో కొట్టేస్తారు, రెండూ ఒకటే. అలా కాకుండా పంపినదానికి వేరే రేటు, అదీ తక్కువ రేటు కట్టే చోట లెక్క మారిపోతుంది. ఏడాదికి 4,000 యూనిట్లు వస్తాయనుకో, మీరంతా పగలు ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి 1,600 వాడారు, 2,400 బయటికి పోయాయి. బయటి రేటు మూడోవంతే అయితే ఆ 2,400 నీకు 800తో సమానం, మొత్తం మిగిలింది 2,400 యూనిట్ల డబ్బు, 4,000ది కాదు. ఆరేళ్లలో తిరిగొస్తుందనుకున్నది పదేళ్లు పడుతుంది. ప్యానెల్ అదే, ఎండ అదే. అందుకే పెద్ద సిస్టమ్ పెట్టించేస్తే మంచిదన్న మాట వినకు, వాషింగ్ మెషీన్, మోటారు, నీళ్ల హీటరు లాంటివి పగటికి మార్చుకోగలవా లేదా చూసి ఆ మేరకే పెట్టించు.

ఈ రూల్స్ మారతాయి కూడా. బ్రిటన్‌లో ఇంటి మీద పుట్టించిన కరెంటుకి డబ్బులిచ్చే ఫీడ్ ఇన్ టారిఫ్ స్కీమ్ 2019 మార్చి ఆఖరికి కొత్తవాళ్లకి మూసేశారు, కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టించుకునేవాళ్లకి బయటికి పంపే కరెంటు మీద వచ్చేది బాగా తగ్గించేశారు, రెండు చోట్లా అప్పటికే ఉన్నవాళ్లకి పాత పద్ధతి కొన్నేళ్లపాటు ఉంచారు. కాబట్టి నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇవాళ రేటెంత అని ఒక్కటే కాదు, ఈ రేటు నాకు ఎన్నేళ్లు గ్యారంటీ అని, అది కాగితం మీద చూపించమను.

తర్వాత మామూలు భాగహారమే. సబ్సిడీ ఉంటే తీసేసి చేతినుంచి పడేది ఎంత, దాన్ని ఏడాది మిగులుతో భాగించు, ఎన్నేళ్లో తెలుస్తుంది. నా లెక్కలో ఎనిమిదేళ్ల లోపైతే ధైర్యంగా పెట్టించు, పన్నెండు దాటితే వద్దు, మధ్యలో ఉంటే ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటావన్నదాన్ని బట్టి. ప్యానెల్స్ గట్టివే, ఏటా సుమారు అర శాతం తగ్గుతాయి, 25 ఏళ్ల వారంటీలు కూడా ఉంటాయి. ఇన్వర్టర్ మాత్రం అన్నాళ్లు రాదు, పది పదిహేనేళ్లకి ఒకసారి మార్చాలి, ఆ ఖర్చు చాలా కొటేషన్లలో కనపడదు, నువ్వే కలుపుకో. లోన్ తీస్కుంటున్నావంటే వడ్డీ కూడా ఖర్చులోకే వస్తుంది, నెలనెలా కట్టేది బిల్లులో మిగిలేదానికంటే ఎక్కువుంటే ఆ తేడా ఎన్నేళ్లు మోయగలవో ముందే తేల్చుకో.

బ్యాటరీ గురించి అడిగావు. కరెంటు పోతే సోలార్ ఉంది కదా అని చాలామంది అనుకుంటారు, గ్రిడ్‌కి, అంటే కరెంటు కంపెనీ లైనుకి కలిపిన మామూలు ఇన్వర్టర్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మన కరెంటు తగలకుండా అలా పెడతారు, అది ఉండాల్సిందే. పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. అవి పెడితే తిరిగొచ్చే ఏళ్లు పెరుగుతాయి. నెట్ మీటరింగ్ ఉండి కరెంటు పోని చోట బ్యాటరీ వద్దు, తరచూ పోతుంటే మాత్రం అది డబ్బు లెక్క కాదు, అవసరం లెక్క.

పైకప్పు పాతదైతే, కారుతుంటే, ముందు అది బాగుచేయించు, బిగించాక మళ్లీ విప్పి పెట్టించడం దండగ ఖర్చు. ఎర్తింగ్, పిడుగు కోసం అరెస్టర్, గాలికి ఆగే గట్టి స్టాండు, వీటిలో చవక చూడకు. దుమ్ముకి పొద్దున్నే మెత్తటి గుడ్డ, నీళ్లు చాలు, కాలిపోతున్న అద్దం మీద మధ్యాహ్నం చల్లనీళ్లు పోయనివ్వకు.

కొటేషన్లు మూడు తీస్కో, మూడిట్లోనూ కిలోవాట్లు కాదు, ఏడాదికి ఎన్ని యూనిట్లొస్తాయో రాసివ్వమను, నీడ కలిపి లెక్కేశారా అని అడుగు, రాసివ్వననేవాడిని పక్కన పెట్టేయ్. అవన్నీ, ఆ పన్నెండు బిల్లులు, మేడ మీద నీడ గీతల ఫోటోలు నాకు పంపించు, ఆదివారం నేను, పెదనాన్న కూర్చుని పుస్తకం ముందేస్కుని చూస్తాం, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెద్దమ్మ