ఒపేరా కొత్తవాళ్లు ‘సావిత్రి’తో మొదలుపెట్టండి

ఒపేరా అంటే మొత్తం పాటల్లోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం. అది అసలు అలవాటు లేని తెలుగువాళ్లు ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి, మనకి తెలిసిన కథ ఏదైనా ఉందా అని కొందరు అడిగారు. ఉంది. గుస్తావ్ హోల్స్ట్ అనే బ్రిటిష్ స్వరకర్త 1908లో రాసిన ‘సావిత్రి’. మన సావిత్రే, మన సత్యవంతుడే. దీనికి రికార్డింగులు వేరేవి కూడా ఉన్నాయి కానీ, 1965లో ఆయన కూతురు ఇమోజెన్ హోల్స్ట్ ఆర్గో అనే రికార్డుల కంపెనీ కోసం కండక్ట్ చేసినదే (గాయకుల్నీ వాద్యకారుల్నీ నడిపించినదే) ముందు వినండి.

నేను ఇంగ్లండులోని చెల్టన్‌హామ్‌కి ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో, ఓ వాన పడే శనివారం హోల్స్ట్ పుట్టిన ఇల్లు చూడటానికి వెళ్లాను. ఆయన 1874లో అక్కడే పుట్టాడు, ఇప్పుడది మ్యూజియం. ఆయన బాగా పేరు పొందిన రచన ‘ద ప్లానెట్స్’ రాయడానికి వాడిన పియానో అక్కడే ఉంది. నన్ను కదిలించింది మాత్రం వేరే విషయం. ఆయన ఇండియాకి ఎప్పుడూ రాలేదు. అయినా ఋగ్వేదం ఇంగ్లీషు అనువాదాలు నచ్చక, లండన్‌లో సంస్కృతం క్లాసులకి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని సూక్తాలు తానే ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. బడిలో పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ బతికిన మనిషి చేసిన పని అది.

అంతకుముందు ‘సీత’ అని మూడంకాల పెద్ద ఒపేరా రాశాడు. అది పోటీకి పంపితే బహుమతి రాలేదు. ‘సావిత్రి’కి వచ్చేసరికి అన్నీ తగ్గించేశాడు. నిడివి అరగంట. పాత్రలు మూడే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యాలు పన్నెండు: రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు (ఒక్కోదానిలో నాలుగు తీగ వాద్యాలు), ఒక డబుల్ బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగ వాద్యం), రెండు ఫ్లూట్లు, ఒక కోర్ ఆంగ్లే (ఊది వాయించే వాద్యం). వెనకాల కనపడకుండా, మాటలు లేకుండా పాడే ఆడవాళ్ల బృందం. ఆరుబయట గానీ చిన్న హాల్లో గానీ ఆడాలి, తెర అక్కర్లేదు అని రాసిపెట్టాడు.

మొదలయ్యేటప్పుడు ఒక్క వాద్యం కూడా మోగదు, ఈ సంగతి ముందే తెలుసుకోండి. దూరం నుంచి మృత్యువు గొంతు ఒక్కటే సావిత్రిని పేరు పెట్టి పిలుస్తుంది. నేను మొదటిసారి వంట చేస్తూ ఫోన్ స్పీకర్లో పెట్టుకున్నాను, ఏమీ పట్టుబడలేదు. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైటు తీసేసి మళ్లీ విన్నాను. థామస్ హెమ్స్‌లీ గొంతులో మృత్యువు అరవదు, బెదిరించదు. నెమ్మదిగా, ఖాయంగా దగ్గరికొస్తున్నట్టు ఉంటుంది. ఆ పిలుపు మీదికి జానెట్ బేకర్ సావిత్రిగా అందుకుంటుంది. రెండు గొంతులూ వేర్వేరు శ్రుతుల్లో నడుస్తుంటే, వాటికి ఆసరాగా కింద ఏ వాద్యమూ ఉండదు. నాకు చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత సత్యవంతుడు (రాబర్ట్ టియర్) అడవి పని ముగించుకుని పాడుకుంటూ ఇంటికొస్తాడు. పాపం, అతనికి ఏమీ తెలియదు.

ఆర్నెల్లు ఉందామని అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు తనకీ వినిపించాను. ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్తూ పోయాను. సావిత్రి మృత్యువుని రమ్మని స్వాగతం పలికిన చోట అమ్మ చేతులు ఆగిపోయాయి. వరం అడిగే దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. “మామగారికి చూపు రావాలని అడగలేదేంరా? రాజ్యం సంగతేంటి?” అంది. నిజమే, భారతంలో వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇక్కడ సావిత్రి అడిగేది ఒక్కటే, జీవితం. నిండు జీవితం. మృత్యువు ఇచ్చేస్తాడు. సత్యవంతుడు లేకుండా నాకు నిండు జీవితం ఎక్కడిది అంటుంది. అమ్మ కాసేపు ఆలోచించి, “మొత్తానికి మాటతోనే గెలిచింది కదా, అదే మన సావిత్రి” అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

కూతురు చేసిన రికార్డింగే ఎందుకంటున్నానంటే, హోల్స్ట్ 1934లో పోయాడు. ఇమోజెన్ ఆయనకి ఒక్కతే సంతానం. తండ్రి జీవిత చరిత్ర రాసింది, ఆయన సంగీతం మరుగున పడకుండా చూసుకుంది. 1950 చివర్లో శాంతినికేతన్ వెళ్లి కొన్ని వారాలు మన సంగీతం కూడా నేర్చుకుంది. ఇందులో పాడిన పర్సెల్ సింగర్స్ ఆమె పెట్టిన బృందమే. ఎక్కడా సాగదీయదు, ఎక్కడా ఆర్భాటం చేయదు. ఆయన రాసిన నిశ్శబ్దాల్ని అలాగే ఉంచుతుంది. అది నాకు పెద్ద నివాళిగా అనిపిస్తుంది.

తాను ఇంగ్లీషులోకి మార్చుకున్న ఋగ్వేద సూక్తాలకి హోల్స్ట్ బృందగానంగా సంగీతం కూడా కట్టాడు. అదే రికార్డులో వాటి మూడో భాగం ఉంది. నాలుగు పాటలు, ఆడవాళ్ల గొంతులు, ఒసియన్ ఎల్లిస్ వాయించిన హార్ప్ (వేళ్లతో మీటే పెద్ద తీగ వాద్యం), అంతే. ఉషస్సు మీదిది మొదట వస్తుంది, తర్వాతది జలాల మీద. అందులో వేద స్వరాల కోసం వెతక్కండి, దొరకవు. నీళ్ల పాటలో హార్ప్ ఎలా పారుతుందో వినండి చాలు.

ఇంగ్లీషు పాటలో మాటలు మొదట్లో అందవు. నాకూ అందలేదు. ముందు లిబ్రెటో (ఒపేరాలో పాడే మాటల పాఠం) ఒకసారి చదువుకోండి, కథ మీకు తెలుసు కాబట్టి పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత ఇయర్‌ఫోన్స్‌తో, మధ్యలో ఆపకుండా వినండి. చివర్లో వాద్యాలన్నీ ఆగిపోయి మళ్లీ సావిత్రి గొంతు ఒక్కటే మిగులుతుంది, అది కూడా మెల్లగా దూరమైపోతుంది. అయిపోయిందనుకుని వెంటనే ఇంకో పాట పెట్టేయకండి.